క్యాన్సర్ చికిత్సలో ముద్ద దిగనప్పుడు: వంటింట్లో చేయగలిగినవి, ఆసుపత్రిలో చెప్పవలసినవి

క్యాన్సర్ చికిత్స మొదలైన ఇంట్లో తొలి గొడవ మందుల దగ్గర రాదు, కంచం దగ్గర వస్తుంది. "నాలుగు ముద్దలైనా తినమ్మా" అని కూతురు బతిమాలుతుంది. "ఆ వాసనకే కడుపులో తిప్పుతోందే" అని తల్లి మొహం తిప్పుకుంటుంది. ఇద్దరి బాధా నిజమే. ఆకలి పోవడం రోగి మొండితనం కాదు. దానికి కారణాలున్నాయి, చాలావాటికి ఉపాయాలూ ఉన్నాయి.

బళ్ళారి, బెంగళూరు, కోయంబత్తూరు, మదురై, బరంపురం, షోలాపూర్, ముంబై, యానాం వంటి చోట్ల తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు మరో చిక్కు కూడా ఉంది. బెంగళూరు కిద్వాయికి వెళ్లినా, చెన్నై అడయారుకు వెళ్లినా, ముంబై టాటా మెమోరియల్‌కు వెళ్లినా, కటక్ ఆచార్య హరిహరకు వెళ్లినా, పుదుచ్చేరి జిప్‌మర్‌కు వెళ్లినా ఆహారం గురించి చెప్పే మాటలు అక్కడి భాషలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. బజారులో, ఆఫీసులో ఆ భాష మనకు కొత్త కాదు. కానీ ఒంట్లో బాధ చెప్పేటప్పుడు పెద్దవాళ్ల నోటికి వచ్చేది తెలుగే. అందుకే తిండి సమస్యలతో పాటు వాటిని డాక్టరుకు చెప్పవలసిన తీరు కూడా ఇక్కడ కలిపి ఇస్తున్నాం.

ఆకలి ఎందుకు పోతుంది?

కీమో మందులు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణాలతో పాటు నోటి లోపలి పొర, పేగుల పొర కూడా వేగంగా పెరిగేవే. అందుకే నోరు పూస్తుంది, వాంతులు, విరేచనాలు అవుతాయి. తలకు, మెడకు రేడియేషన్ ఇస్తే లాలాజల గ్రంథులు దెబ్బతిని నోరు ఎండిపోతుంది, రుచి తెలియదు. ఇవి కాక, జబ్బే శరీరంలో వాపును కలిగించే పదార్థాలను విడుదల చేయించి ఆకలిని చంపుతుంది, కండను కరిగిస్తుంది. నొప్పి, దిగులు, నిద్రలేమి, మలబద్ధకం కూడా ఆకలిని తగ్గిస్తాయి.

కారణం తెలిస్తేనే ఉపాయం దొరుకుతుంది. మలబద్ధకం వల్ల ఆకలి పోయిన మనిషికి ఎన్ని రకాలు వండిపెట్టినా లాభం లేదు. ముందు కడుపు ఖాళీ కావాలి. నోటిపూత ఉన్నవారికి ఆకలి ఉంటుంది, మింగలేరు. "తినడం లేదు" అన్న ఒక్క మాట వెనక ఏముందో అడిగి తెలుసుకోవాలి.

ఎంత తినాలి, ఎందుకు తినాలి?

ఆరు నెలల్లో బరువు 5 శాతానికి మించి తగ్గితే డాక్టర్లు దాన్ని గట్టిగానే పట్టించుకుంటారు. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. బరువు, బలం బాగా తగ్గితే కీమో మోతాదు తగ్గించాల్సి రావచ్చు, వాయిదా వేయాల్సి రావచ్చు, ఆపరేషన్ గాయం ఆలస్యంగా మానవచ్చు. అంటే తిండి కూడా చికిత్సలో భాగమే. వారానికొకసారి ఒకే తూకం మీద, ఉదయం పూట బరువు చూసి నోటుపుస్తకంలో రాసి ఉంచండి.

మామూలుగా చెప్పే లెక్క ఇది: రోజుకు ప్రతి కిలో బరువుకు 25 నుంచి 30 కేలరీలు, 1 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు. 50 కిలోల మనిషికి 1250 నుంచి 1500 కేలరీలు, 50 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు. మన వంటింటి లెక్కలో చూస్తే గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 లేక 7, 30 గ్రాముల కందిపప్పో పెసరపప్పో ఉడికిస్తే 7, గుప్పెడు వేరుశనగల్లో 7, కప్పు పెరుగులో 5 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, రెండు పూటలా పప్పు, ఒక కప్పు పెరుగు, గుప్పెడు వేరుశనగలు అయితే 50 గ్రాములు దాటినట్టే. పైన అన్నం, ఇడ్లీ ఎలాగూ ఉంటాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఈ లెక్కను తమ డాక్టరుతో సరిచూసుకోవాలి.

గంజి, పలచని జావ, చారునీళ్లు కడుపు నింపుతాయి గాని బలం తక్కువ. జావే తాగగలిగితే అందులో పాలు, బెల్లం, వేయించి పొడిచేసిన పప్పు కలపండి. అన్నంలో చెంచా నెయ్యి వేస్తే సుమారు 45 కేలరీలు పెరుగుతాయి. సున్నుండ, వేరుశనగ ఉండ, పాలలో ఉడికించిన సేమియా వంటివి చిన్న పరిమాణంలో ఎక్కువ బలం ఇస్తాయి. అయితే అందరికీ ఇదే సలహా వర్తించదు. రొమ్ము క్యాన్సర్ చికిత్సలో కొందరికి బరువు పెరుగుతుంది. వారికి నెయ్యి, తీపి పెంచాల్సిన పని లేదు.

ఆకలి చూసి కాదు, గడియారం చూసి

ఆకలి వేసినప్పుడు పెడదామని ఎదురుచూస్తే ఆ వేళ రాకపోవచ్చు. మూడు పెద్ద భోజనాల బదులు రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా, రోజుకు ఆరు నుంచి ఎనిమిది సార్లు పెట్టండి. పెద్ద కంచంలో నిండా వడ్డిస్తే చూడగానే భయం వేస్తుంది. చిన్న గిన్నెలో అరకప్పు పెట్టండి. చాలామందికి ఉదయం పూట కాస్త తినాలనిపిస్తుంది. అలాంటివారికి ఆ పూటే బలమైనది పెట్టండి. ఉదయం కట్టుపొంగలి తినగలిగిన మనిషికి రాత్రి వరకు ఆగి పెట్టడమెందుకు? తినేటప్పుడు నీళ్లు ఎక్కువ తాగితే కడుపు త్వరగా నిండుతుంది. నీళ్లు, మజ్జిగ భోజనాల మధ్యలో ఇవ్వండి. వీలైతే తినబోయే ముందు పది నిమిషాలు ఇంట్లోనే నడిపించండి.

వికారం, వాంతులు

వాంతుల మాత్ర వాంతి అయ్యాక వేసుకునేది కాదు, కాకుండా వేసుకునేది. డాక్టరు చెప్పిన వేళకు, వికారం లేకపోయినా వేసుకోవాలి. పనిచేయకపోతే ఓర్చుకోకుండా చెప్పండి, వేరే మందులున్నాయి.

మన వంటల్లో వికారాన్ని రేపేది ముఖ్యంగా తాలింపు వాసన. ఇంగువ, వెల్లుల్లి, ఎండుమిర్చి, చేపల పులుసు వాసనలు మంచం దాకా రాకుండా తలుపు వేయండి, లేదా రోగి వేరే గదిలో ఉన్నప్పుడు వండండి. వేడి అన్నం కన్నా చల్లారిన అన్నానికి వాసన తక్కువ. పెరుగన్నం, ఇడ్లీ, మరమరాలు, బిస్కెట్, కాల్చిన రొట్టె, అల్లం వేసిన మజ్జిగ చాలామందికి పడతాయి. నూనెలో వేయించినవి, మసాలావి ఆ రోజుల్లో పక్కన పెట్టండి. తిన్నాక గంటసేపు పడుకోకూడదు, కూర్చోవాలి.

కీమో రోజున బాగా ఇష్టమైన వంట చేయకండి. ఆ రోజు వాంతి అయితే ఆ వంట మీదే విరక్తి పుట్టి నెలల తరబడి ఉండిపోవచ్చు.

చల్లనివి మంచివన్న మాటకు ఒక మినహాయింపు ఉంది. పెద్దపేగు, జీర్ణాశయ క్యాన్సర్లలో ఎక్కువగా వాడే ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక కొన్ని రోజులు చల్లని నీళ్లు, ఐస్‌క్రీమ్ తాకితే గొంతు పట్టేసినట్టు, వేళ్లు, పెదవులు జివ్వుమన్నట్టు అవుతుంది. ఆ మందు తీసుకునేవారికి గోరువెచ్చనివే ఇవ్వాలి. ఏ మందు ఎక్కించారో పేరు రాయించుకుని దగ్గర ఉంచుకోవాలని చెప్పేది ఇందుకే.

రుచి మారినప్పుడు

"అంతా చేదు", "ఇనుము నాకినట్టుంది", "మట్టి తిన్నట్టుంది" అనడం తరచుగా వింటాం. అలాంటప్పుడు స్టీలు కంచం, చెంచా బదులు పింగాణీ పళ్ళెం, అరిటాకు వాడి చూడండి. తినే ముందు నోరు పుక్కిలించాలి. లీటరు గోరువెచ్చని నీటిలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపితే సరిపోతుంది. మాంసం లోహంలా అనిపిస్తే గుడ్డు, పప్పు, పెరుగు, పనీర్ పెట్టండి, లేదా మాంసాన్ని పెరుగులో, నిమ్మరసంలో నానబెట్టి వండండి. అన్నీ చప్పగా ఉంటే నిమ్మకాయ, చింతపండు, పుదీనా, కొత్తిమీర సాయపడతాయి. అన్నీ తియ్యగా అనిపించినా కాస్త పులుపు కలపండి. ఇవన్నీ నోరు పూయనప్పుడే. మొన్న నచ్చనిది ఈ వారం నచ్చవచ్చు, మళ్లీ పెట్టి చూడండి.

నోటిపూత, ఎండిన నోరు, మింగలేకపోవడం

నోరు పూసినప్పుడు ఆవకాయ, కారం, పులుపు, వేడివేడివి, గరగరలాడే అప్పడాలు వద్దు. చల్లార్చిన రాగిజావ, సగ్గుబియ్యం పాయసం, మెత్తగా కలిపిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ, అరటిపండు, మెత్తగా ఉడికించిన గుడ్డు పెట్టండి. మెత్తని బ్రష్ వాడాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ మంట పెంచుతుంది. భోజనానికి ముందు నోటికి రాసుకునే తిమ్మిరి జెల్ డాక్టరు రాసిస్తారు, అడగండి. నాలుక మీద తెల్లని పొర కడితే అది ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందు కావాలి. ఆకు, వక్క, పొగాకు, చుట్ట ఈ సమయంలో పూర్తిగా మానాలి. "పెద్దాయనకు ఇంకేం సరదా ఉంది" అని ఇంట్లోవాళ్లే తెచ్చిచ్చే అలవాటు మన దగ్గర ఉంది. ఆ సరదా పుండును మాననివ్వదు.

నోరు ఎండిపోతే పొడి అన్నం, చపాతీ దిగవు. పప్పుచారు, పెరుగు, పులుసు ఎక్కువ పోసి జారుగా కలపండి. సీసాతో నీళ్లు పక్కనే ఉంచి గుక్కగుక్కగా తాగించండి.

నీళ్లు తాగినప్పుడల్లా పొరబోయి దగ్గు వస్తుంటే వెంటనే చెప్పాలి. ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. అలాంటివారికి, తలమెడ రేడియేషన్ తీసుకునేవారికి ముక్కు ద్వారా గొట్టం వేద్దామని డాక్టర్లు అనవచ్చు. గొట్టం అనగానే "ఇక అయిపోయింది" అని ఏడ్చే ఇళ్లున్నాయి. నిజానికి చాలామందికి అది చికిత్స పూర్తయ్యేదాకా బరువు నిలబెట్టే తాత్కాలిక ఏర్పాటు. గొంతు మానాక తీసేస్తారు. గొట్టంలో ఏం పోయాలో, ఎంత పలచగా ఉండాలో, తరువాత నీళ్లతో ఎలా కడగాలో నర్సు దగ్గర చూసి నేర్చుకున్నాకే ఇంటికి రండి.

విరేచనాలు, మలబద్ధకం

విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి కొద్దికొద్దిగా తాగించండి. మెత్తని అన్నం, మజ్జిగ, అరటిపండు మంచివి. కారం, నూనె, పచ్చికూరలు ఆపండి. పాలు పడకపోతే కొన్నాళ్లు పెరుగుకు మారండి. మార్ఫిన్ వంటి నొప్పి మందులు, కొన్ని వాంతుల మాత్రలు మలబద్ధకం తెస్తాయి. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజునే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా అడగండి. నీళ్లు, బొప్పాయి, నానబెట్టిన ఎండుద్రాక్ష, ఆకుకూరలు సాయం చేస్తాయి గాని ఆ మందుకు బదులు కావు.

పథ్యం పేరుతో పస్తులు

మన ఇళ్లల్లో రోగికి ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. జబ్బు అనగానే పథ్యం గుర్తొస్తుంది. వంకాయ వద్దు, పెరుగు చలువ, గుడ్డు వేడి, పప్పు వాతం, పాలు కఫం. ఒక్కొక్క చుట్టం ఒక్కొక్కటి తీసేస్తూ పోతే చివరకు మిగిలేది గంజి. మాంసకృత్తులు ఎక్కువ కావలసిన సమయంలోనే అవన్నీ కంచం నుంచి వెళ్లిపోతాయి.

"చక్కెర క్యాన్సర్‌ను పెంచుతుంది, అన్నం మానేస్తే గడ్డ ఎండిపోతుంది" అన్న మాట ఇప్పుడు వాట్సాప్‌లో ఇంటింటికీ తిరుగుతోంది. శరీరంలోని అన్ని కణాలూ గ్లూకోజ్ వాడుకుంటాయి, క్యాన్సర్ కణాలు కూడా. తిండి మానేసినంత మాత్రాన గడ్డ ఎండదు. శరీరం తన కండను కరిగించుకుని గ్లూకోజ్ తయారుచేసుకుంటుంది. ఎండేది మనిషి. షుగర్ వ్యాధి ఉన్నవారు మాత్రం జాగ్రత్తపడాలి. వాంతులు రాకుండా కీమోతో ఇచ్చే డెక్సామెథాసోన్ వల్ల షుగర్ పెరుగుతుంది. ఆ రోజుల్లో పరీక్ష చేసి, మందు మోతాదు డాక్టరునే అడగాలి.

ఆకు పసర్లు, పేరు లేని పొడులు, పసుపు మాత్రలు డాక్టరుకు చెప్పకుండా వాడకండి. కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కొన్ని కీమో మందుతో కలబడతాయి. కూరలో వేసే పసుపుతో ఇబ్బంది లేదు. క్యాన్సర్ మాత్రలకు కూడా తిండితో లెక్క ఉంటుంది. కాపెసిటబిన్ భోజనం చేసిన అరగంటలోపు వేసుకోవాలి, అబిరాటెరోన్ మామూలుగా ఖాళీ కడుపుతో వేసుకోవాలి. మీ మాత్ర సంగతి మందుల షాపులో కాదు, ఆసుపత్రిలో అడగండి.

శనివారాలు, ఏకాదశులు, మొక్కుల ఉపవాసాలు చికిత్స అయ్యేదాకా రోగి తరఫున ఇంట్లో ఇంకొకరు ఉండవచ్చు.

రక్తకణాలు తగ్గిన రోజుల్లో

కీమో తరువాత 7 నుంచి 14 రోజుల మధ్య చాలామందికి తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు చిన్న కల్తీ కూడా పెద్ద ఇన్ఫెక్షన్ అవుతుంది. వండిన రెండు గంటల్లోపు వేడిగానో, సరిగా వేడిచేసో తినాలి. చద్దన్నం, బరంపురం ఇళ్లల్లో అలవాటైన పఖాళ, బయట కోసి అమ్మే పండ్లు, చెరకు రసం, పచ్చిపాలు, సగం ఉడికిన గుడ్డు, నలుగురి చేతులు మారి వచ్చిన ప్రసాదం ఆ రోజుల్లో వద్దు. పండ్లు ఇంట్లోనే కడిగి, తొక్క తీసి ఇవ్వండి. వండేవారు, పెట్టేవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఆసుపత్రిలో ఏ మాట చెప్పాలి?

"వేడి చేసింది" అన్న మాట మనకు అర్థమవుతుంది. కానీ ఒకరు జ్వరానికి, ఒకరు నోటిపూతకు, మరొకరు మూత్రంలో మంటకు ఆ మాటే వాడతారు. "నీరసం" అని మరాఠీ నర్సుకు చెబితే ఆమెకు అర్థమయ్యేది "రుచీ పచీ లేనిది" అని. అందుకే విడివిడిగా, ఆ ప్రాంతపు మాటతో చెప్పండి. కింది మాటలు వరుసగా కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియా.

- ఆకలి: హసివు, పసి, భూక్, భోక
- వికారం: వాకరికె, కుమట్టల్, మళమళ, బాంతి బాంతి లాగుచి
- నోటిపూత: బాయి హుణ్ణు, వాయ్ పుణ్, తోండ్ యేణే, పాటి ఘా
- విరేచనాలు: భేది, వయిట్రుప్పోక్కు, జులాబ్, ఝాడా
- మలబద్ధకం: మలబద్ధతె, మలచ్చిక్కల్, బద్ధకోష్ఠ, కోష్ఠకాఠిన్య
- నీరసం: నిశ్శక్తి, సోర్వు, అశక్తపణా, దుర్బళ

తిండి పేర్లలోనూ తడబాటు ఉంటుంది. డైటీషియన్ కాగితంలో కేళ్వరగు, నాచణి, మాండియా అని ఉంటే అవన్నీ మన రాగులే. పాసిప్పరుప్పు, హెసరుబేళె, మూగ్ డాళ్ అంటే పెసరపప్పు. మోర్, తాక్ అంటే మజ్జిగ. చపాతీ, దలియా రాసిచ్చి, ఇంట్లో మీరు తినేది అన్నమే అయితే అక్కడే చెప్పండి. "మేం అన్నం, పప్పు, పెరుగు తింటాం, దాంట్లోనే లెక్క చెప్పండి" అంటే మార్చి రాసిస్తారు. ఎన్నిసార్లు వాంతి అయింది, ఎన్నిసార్లు విరేచనం అయింది, ఎంత తిన్నారు, బరువు ఎంత అన్నది అంకెల్లో రాసి తీసుకెళ్లండి. అంకెలకు భాష అడ్డు రాదు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట

పెట్టడం మన ఇళ్లల్లో ప్రేమ చూపించే పద్ధతి. అందుకే తినకపోతే మనల్నే తోసేసినట్టు అనిపిస్తుంది. బలవంతపెడితే రోగి దాక్కుని పారేయడం, తిన్నానని అబద్ధం చెప్పడం మొదలవుతుంది. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మన పని. ఎంత తినాలో ఆ పూటకు వారి ఇష్టం. తినలేకపోయిన పూట గిన్నె మౌనంగా తీసేసి, రెండు గంటల తరువాత ఇంకొకటి పెట్టండి. చూడవచ్చే చుట్టాలతో "అయ్యో, ఇంత చిక్కిపోయావేంటి" అనవద్దని ముందే చెప్పండి.

జబ్బు ముదిరి చికిత్స ఇక పనిచేయని దశ వస్తే ఆకలి దానంతట అదే తగ్గిపోతుంది. అప్పుడు బలవంతంగా పెట్టినా బలం రాదు, బాధ పెరుగుతుంది. నోరు తడపడం, ఇష్టమైనది చెంచాడు పెట్టడం, పక్కన కూర్చోవడం చాలు. తిండి పెట్టలేకపోయామన్న నేరభావం ఎవరూ మోయనక్కర్లేదు.

ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయవలసినవి

- జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ (38 సెల్సియస్) లేక అంతకు మించి ఉంటే. అది అర్ధరాత్రి అయినా తెల్లవారేదాకా ఆగవద్దు.
- 24 గంటలుగా నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే
- వాంతిలోనో విరేచనంలోనో రక్తం కనిపిస్తే, విరేచనం నల్లగా అయితే
- విరేచనాలు ఆగకపోతే, లేచి నిలబడితే కళ్లు తిరిగితే, మూత్రం బాగా తగ్గి ముదురు రంగులో వస్తే
- మింగేటప్పుడు దగ్గు, ఊపిరాడకపోవడం ఉంటే
- మూడు రోజులుగా విరేచనం కాకపోతే, కడుపు ఉబ్బితే
- వారంలోనే ఒకటి రెండు కిలోలు తగ్గితే

మీ వార్డు ఫోన్ నంబరును, మందుల పేర్లను ఫ్రిజ్ తలుపు మీదో దేవుడి పటం పక్కనో అందరికీ కనిపించేలా అంటించండి. తెలుగు చదవడం రాని పిల్లలున్న ఇళ్లల్లో ఆ కాగితాన్ని వాళ్లు చదివే భాషలో కూడా రాసి ఉంచండి. అవసరం వచ్చిన రాత్రి ఇంట్లో ఉండేది వాళ్లే కావచ్చు.